నమోదైన విలువకు మారుగా మరో విలువ



వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే ఓడలరేవులో ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది. సముద్రగర్భ బావుల నుంచి పైపులైన్ల ద్వారా గ్యాస్ అక్కడికి చేరుతుంది. పైపులైనులోని పీడనం హద్దు మీరితే హెచ్చరించే ప్రోగ్రామును అదే ఊరి బీవీసీ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి అభ్యాసం కోసం రాస్తే, హెచ్చరిక క్లాసుకు కొలతలు తెచ్చే ఆబ్జెక్టు, పీడనపు హద్దు అనే రెండూ అందాలి. ఆబ్జెక్టు పుట్టేటప్పుడే వీటిని స్వీకరించే భాగం కన్‌స్ట్రక్టర్. వాటిని ఆ క్లాసు స్వయంగా తయారు చేసుకోక బయటి నుంచి పొందడమే డిపెండెన్సీ ఇంజెక్షన్. 2004లో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. దేనికి ఏది అందాలో ఒకచోట నమోదు చేసుకొని, అడిగినప్పుడు అన్నీ కూర్చి ఇచ్చే సాధనం కంటైనర్.

నమోదులో హద్దు 90 అని ఉన్నా, పరీక్ష కోసం ఒకసారి 5 కావలసి రావచ్చు. అప్పుడు నమోదును తిరగరాయనక్కరలేదు. ఆబ్జెక్టును అడిగే పిలుపులోనే యూనిటీ అనే కంటైనర్‌లో పారామీటర్ ఓవర్‌రైడ్‌ను, ఆటోఫ్యాక్ అనే కంటైనర్‌లో నేమ్డ్ పారామీటర్‌ను జతచేస్తే, కంటైనర్ ఆ పిలుపు వరకే కొత్త విలువను వాడి, తర్వాతి పిలుపుకు మళ్లీ 90నే అందిస్తుంది.

అసలు చిక్కు సింగిల్‌టన్‌లో ఉంది. ప్రోగ్రాము నడిచినంత కాలం ఒకే ఆబ్జెక్టును అందరికీ ఇవ్వాలని నమోదైతే, అది ఒకసారి పుట్టిన తర్వాత కన్‌స్ట్రక్టర్ మళ్లీ నడవదు కనుక కొత్త విలువ ఎవరికీ చేరదు. పైగా కంటైనర్ లోపమేదీ చూపదు. కన్‌స్ట్రక్టర్ స్వీకరించే పారామీటర్ పేరు మారినా ఇదే నిశ్శబ్దం, ఎందుకంటే పేరు అక్షరాలా సరిపోలితేనే విలువ అందుతుంది. హెచ్చరించవలసిన ప్రోగ్రాములో ఇంతకంటే హానికరమైన లోపం మరొకటి ఉండదు. మరో చిక్కు, ఆటోఫ్యాక్‌లో పిలుపుతో ఇచ్చిన విలువ అడిగిన క్లాసుకే అందుతుంది, దాని లోపలి ఆబ్జెక్టులకు దిగదు.

విలువను ప్రతి పిలుపులోనూ మార్చవలసి వస్తుంటే అది నమోదుకు తగినది కాదని గ్రహించి, ఆ విలువను తీసుకొని ఆబ్జెక్టును తయారుచేసే ఫ్యాక్టరీని రాయడమే సరైన పద్ధతి. పరీక్షకే పరిమితమైన మార్పు అయితే, చేతికి వచ్చిన ఆబ్జెక్టులోని హద్దు నిజంగా 5 అవునో కాదో ఆ పరీక్షలోనే మొదట సరిచూడవలసిందిగా కోరిక.