చిగురు వేస్తే చాలదు - వేరు పట్టాలి

అక్కలారా! గులాబి కొమ్మ నాటాం. పదిహేను రోజులకు చిగురు వేసింది. మరి వేరు పట్టినట్టేనా?

మా కేంద్రానికి వచ్చే ఒక అక్క అలాగే అనుకుంది. ఆమె నాటు గులాబి కొమ్మలు 20 తెచ్చింది. మట్టి నింపిన పాలిథిన్ సంచుల్లో గుచ్చింది. పూలు అమ్మి కూతురి పుస్తకాలు కొనాలని ఆశ. చిగుళ్ళు చూసి సంబరపడింది. మిట్టమధ్యాహ్నం వాటిని సంచుల్లోంచి పీకి పెరట్లో నాటింది. రెండు రోజుల్లో అన్నీ వాడిపోయాయి.

"నా చెయ్యి మంచిది కాదు టీచరమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

చెయ్యి మంచిదే. తొందరపడింది, అంతే.

కొమ్మలో కొంత ఆహారం దాగి ఉంటుంది. మొదటి చిగురు దానితోనే వస్తుంది. వేర్లు బాగా రావడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది.

వేరు పట్టిందని ఎలా తెలుస్తుంది?

సంచి అడుగున చిల్లుల్లోంచి తెల్లటి వేర్లు కనబడతాయి. కొమ్మను మెల్లగా కదిపితే బిగువుగా ఉంటుంది. పీకి మాత్రం చూడకండి. లేత వేర్లు తెగిపోతాయి.

ఎలా నాటాలి?

1. రోజూ అయిదారు గంటలు ఎండ తగిలే చోటు చూడండి. నీరు నిలవకూడదు.
2. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంట తీయండి. తీసిన మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. పచ్చిపేడ వద్దు.
3. సాయంత్రం పూట నాటండి. గంట ముందు సంచికి నీళ్ళు పోయండి.
4. సంచిని బ్లేడుతో పక్కనుంచి కోయండి. వేర్ల చుట్టూ ఉన్న మట్టిముద్ద విడిపోకూడదు.
5. సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టండి. చుట్టూ మట్టి మెల్లగా అదిమి, నీళ్ళు పోయండి.

నాటాక ఏం చేయాలి?

వారం పది రోజులు కొబ్బరి మట్టతో నీడ కట్టండి. తరువాత ఉదయపు నీరెండ చూపండి. ఆ పైన పూర్తి ఎండ అలవాటు చేయండి. పైమట్టి వేలితో తాకి, ఆరితేనే నీళ్ళు పోయండి. ఎప్పుడూ బురదగా ఉంటే వేర్లు కుళ్ళిపోతాయి. నెల రోజులు యూరియా వేయకండి. లేత వేర్లు మాడిపోతాయి. మొదటి మొగ్గలు తుంచేయండి. ఆ బలం వేర్లకూ, కొమ్మలకూ పోతుంది.

ఆ అక్క మళ్ళీ 20 కొమ్మలు నాటింది. ఈసారి అట్టముక్క మీద నాటిన తేదీ రాసి సంచికి గుచ్చింది. తన చేత్తోనే రాసింది! రోజులు లెక్కపెట్టింది. 45 రోజులు ఆగింది. 14 మొక్కలు బతికాయి. మొదటి మొగ్గ తుంచడానికి ఆమెకు మనసు ఒప్పలేదు. అయినా తుంచింది. ఇప్పుడు చెట్టు గుబురుగా ఉంది.

ఆలోచించండి - చెప్పండి

1. మొదటిసారి కొమ్మలు ఎందుకు చచ్చిపోయాయి?
2. తేదీ రాయడం వల్ల ఏం లాభం కలిగింది?

లెక్క చేయండి

20 కొమ్మల్లో 14 బతికాయి. ఎన్ని పోయాయి?

రాయండి

మీరు నాటిన ఒక మొక్క పేరు, నాటిన తేదీ రాయండి.