ప్రశ్నలు - జవాబులు: పెంకు దారి పెంకుది, ఈక దారి ఈకది

ప్రశ్న: మా తెల్లపెట్ట గోధుమరంగు గుడ్లు పెడుతోంది. నల్లపెట్టవేమో దాదాపు తెల్లగుడ్లు. ఇదేం వింత?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వింతేమీ లేదమ్మా. ఈకల రంగు జన్యువులు వేరు, పెంకు రంగువి వేరు. వైట్ ప్లిమత్ రాక్ కోడి ఒళ్లంతా తెలుపే, గుడ్డు మాత్రం గోధుమరంగు. నల్ల మినార్కాది తెల్లగుడ్డు. ఎముకల దాకా నల్లగా ఉండే కడక్‌నాథ్ కూడా నల్లగుడ్డు పెట్టదు. పెంకు కట్టడానికి కోడి కడుపులో సుమారు 20 గంటలు పడుతుంది. ప్రోటోపోర్ఫిరిన్ అనే గోధుమరంగు పదార్థం చాలావరకు చివరి గంటల్లోనే పైపూతగా పడుతుంది. అందుకే ఆ గుడ్డు పగలగొడితే పెంకు లోపలివైపు తెల్లగా ఉంటుంది. ఈ పూత ఎంత చిక్కగా ఉండాలో చాలా జన్యువులు కలిసి తేలుస్తాయి.

ప్రశ్న: నీలిగుడ్ల జాతి పుంజును తెచ్చి మా నాటుపెట్టల్లో వదిలితే నీలిగుడ్లు వస్తాయా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఆ పెట్టల గుడ్లు మారవు. పెంకు కట్టేది తల్లి ఒళ్లు. జతకట్టిన పుంజు ప్రభావం దానిమీద పడదు. ఆ గుడ్లు పొదిగించండి. పుట్టిన పెట్టపిల్లలు గుడ్లకొచ్చాక ఫలితం కనిపిస్తుంది. చిలీ దేశపు అరౌకానా కోళ్లలో నీలిరంగుకు మూలం, ఏనాడో వాటి జన్యువుల్లో చొరబడిన ఒక రెట్రోవైరస్ అని 2013లో తేలింది. ఆ మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటి వచ్చినా చాలు, బిలివెర్డిన్ అనే రంగు పెంకు మందమంతా పడుతుంది. దానిపైన మీ నాటుపెట్టల గోధుమపూత చేరితే గుడ్డు ఆకుపచ్చగా కనిపిస్తుంది. పుంజుకు ఆ జన్యువు రెండువైపుల నుంచీ వచ్చి ఉంటే కూతుళ్లన్నిటికీ అందుతుంది; ఒకవైపు నుంచే వస్తే సుమారు సగానికే.

ప్రశ్న: పొదిగిన రోజే పుంజుపిల్లను గుర్తుపట్టే వీలుందా?
– ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: కొన్ని జతల్లో ఉంది. చారల ప్లిమత్ రాక్ పెట్టకు రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును జతచేయండి. చారల జన్యువు జడ్ క్రోమోజోము మీద ఉంటుంది. పెట్టకు ఉన్నది ఒక్క జడ్. దాన్ని కొడుకులకే ఇస్తుంది. అందువల్ల పుంజుపిల్లల నల్లటి నెత్తిమీద తెల్లమచ్చ ఉంటుంది, పెట్టపిల్లలకు ఉండదు. జత తిరగేసి చారల పుంజును పెట్టారో, చారలు ఆడా మగా తేడా లేకుండా దిగుతాయి. ఈ ఆనవాలు అక్కరకు రాదు.