వోటరుల పట్టిక: ముందుగా చూచుకొనవలసిన పని

గ్రామములందు కొందరు వోటు వేయలేదని విన్నంతనే, "జనులకు శ్రద్ధ లేదు" అని మనము తేలికగా చెప్పివేయుదుము. గ్రామములు తిరుగుచు మేము చూచినంతలో ఈ మాట సగము మాత్రమే నిజము. 2024వ సంవత్సరము మే 13వ తేదీని పోలింగు జరిగిన నాడు, ఒక గ్రామమున పాఠశాల అరుగుమీద ఒక కోడలు చేత గుర్తింపుకార్డు పట్టుకొని కూర్చుండియుండగా చూచితిమి. ఆమె ఎండలో నడచివచ్చి, వరుసలో నిలిచి, వోటు వేయకయే వెలుపలికి వచ్చినది. ఆమె పేరు పుట్టినింటి గ్రామపు పట్టికలోనే నిలిచిపోయినది. కార్డు ఉన్నను, పట్టికలో పేరు లేనిచో వోటు లేదు. ఆమెకు శ్రద్ధ ఉన్నది; కొన్ని నెలలకు ముందు ఒక ఫారము పంపవలెనని చెప్పినవారే లేకపోయిరి.

పూర్వవృత్తాంతము

ఆంగ్లేయుల పరిపాలనమున వోటుహక్కు భూమిశిస్తు, పన్ను, చదువు మొదలగు అర్హతలనుబట్టి కొలదిమందికే యుండెను. స్వతంత్ర భారత రాజ్యాంగము వయసు వచ్చిన ప్రతి స్త్రీపురుషునకును వోటు నొసంగినది. మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు మొదలు 1952 ఫిబ్రవరి వరకు జరిగినవి. అప్పుడు వోటరులు సుమారు 17 కోట్లు. చదువురానివారికొరకు ప్రతి అభ్యర్థికిని ఒక గుర్తును, వేరొక పెట్టెను ఏర్పాటు చేసిరి. అయినను, అనేక స్త్రీలు తమ పేరు చెప్పుటకు సంకోచించి, "ఫలానావాని భార్య," "ఫలానావాని కూతురు" అనియే వ్రాయించిరి. అట్టి పేర్లు సుమారు 28 లక్షలు పట్టికనుండి తొలగింపబడెను. ఆ యెన్నికలలో నూటికి ఇంచుమించు 45 మంది వోటు వేసిరి. 2024 లోకసభ యెన్నికలలో నూటికి సుమారు 66 మంది వేసిరి. వృద్ధి గలదు గాని, పట్టికవలన కలుగు చిక్కు నేటికిని పూర్తిగా తీరలేదు.

ఆటంకములు, వాని నివారణము

1. పేరు లేకపోవుట. 18 ఏండ్లు నిండినవారు ఫారము 6 పంపవలెను. 1989కి పూర్వము ఈ వయసు 21 ఏండ్లుగా నుండెను. 17 ఏండ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసికొనవచ్చును. ఏటికి నాలుగు అర్హతా తేదీలు గలవు: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1.

2. గ్రామము మారుట. వివాహమై వచ్చిన కోడలు, ఇల్లు మార్చిన కుటుంబము ఫారము 8 పంపవలెను. పేరులోను వయసులోను తప్పులున్నచో వానికిని ఇదియే ఫారము. రెండుచోట్ల పేరుండుట చట్టవిరుద్ధము. కూలిపనికై కొంతకాలము పొరుగూరు పోయినంతమాత్రమున స్వగ్రామమున వోటు పోదు.

3. కూలి పోవునను భయము. ఇది మన రైతులు స్వయముగా ఆలోచింపవలసిన సంగతి. వ్యాపారములందును, పరిశ్రమలందును పనిచేయువారికి పోలింగు నాడు జీతముతో కూడిన సెలవు చట్టమే యిచ్చుచున్నది. మన పొలములందు ఆ న్యాయమును మనమే పాటింపవలెను. నాట్లు, కోతలు ఒక్కపూట ఆగినచో పంట చెడదు. కూలి తగ్గింపక పంపుట మన ధర్మము.

4. వృద్ధులు, అంగవైకల్యము గలవారు. 2024 ఎన్నికలలో 85 ఏండ్లు దాటినవారికిని, నూటికి 40 వంతులకు తక్కువగాని వైకల్యము గలవారికిని ఇంటివద్దనే వోటు వేయు సదుపాయ మేర్పడినది. దానికి ఫారము 12-డి ఎన్నికల ప్రకటన వెలువడిన అయిదు దినములలో చేరవలెను.

5. తెలియకపోవుట. పేరు పట్టికలో నుండి, వోటరు కార్డు పోయినచో, ఆధార్, ఉపాధి హామీ కార్డు, ఫొటో గల బ్యాంకు పాసుపుస్తకము వంటివి చూపవచ్చును. వేళ ముగియునప్పటికి వరుసలో నున్నవారందరును వోటు వేయవచ్చును.

సంఘము చేయవలసిన పని

నామినేషనుల కడపటి దినము గడచిన పిమ్మట పట్టికలో పేరు చేర్చుటకు వీలు లేదు. నారు పోయవలసిన అదను దప్పినవాడు నాట్లనాడు ఎంత పరుగెత్తినను ఫలమేమి? కావున ప్రతి సంఘమును ఏటికొక సాయంకాలము గ్రామపు పట్టికను తెప్పించి, కచ్చేరి ముంగిట అందరును వినునట్లు చదివింపవలెను. చదువురానివారును తమ పేరు వినుదురు. చనిపోయినవారి పేర్లును బయటపడును. బూత్ లెవెల్ ఆఫీసరును ఆ సభకు పిలిచి, కావలసిన ఫారములను అక్కడనే నింపింపవలెను. సందేహము కలిగినప్పుడు 1950 అను నంబరునకు ఫోను చేయవచ్చును.

ఈ పనిలో ఏ పార్టీ మాటయు ఎత్తరాదు. ఎవరికి వోటు వేయవలెనో చెప్పుట సంఘము పని గాదు. మన సంఘమున నూరు ఎకరముల వానికిని, అర ఎకరము వానికిని ఒక్కటే వోటు. దేశమునందును అంతియే. ఆ యొక్క వోటు ఎవరికిని తప్పిపోకుండ చూచుట పొరుగువాని యెడల మనకు గల ఋణము.

సభయందు చర్చింపదగిన ప్రశ్నలు

1. గడచిన మూడేండ్లలో మన గ్రామమునకు వచ్చిన కోడండ్రెందరు? వారిలో ఎందరి పేర్లు ఇచటి పట్టికలో నున్నవి?
2. పోలింగు నాడు కూలి తగ్గింపమని మన సభ్యులు తీర్మానము చేయగలరా?
3. నడువలేని వృద్ధుల ఇండ్లకు పోయి విచారించుటకు ఎవరు పూనుకొందురు?