ఆడుతున్నప్పుడే చదివిన న్యాయశాస్త్రం: ఆలన్ పేజ్ రెండు వృత్తులు

క్రీడను జీవనోపాధిగా ఎంచుకునే యువతకు ఎదురయ్యే అసలు ప్రశ్న ఆటలో ఎలా రాణించాలన్నది ఒక్కటే కాదు. ముప్పయ్యో పడిలో ఆట ముగిశాక మిగిలే మరో ముప్పయ్యేళ్ల పని జీవితాన్ని దేనిమీద నిలబెట్టుకోవాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. అమెరికాలో అత్యధిక ఆదరణ గల వృత్తి పోటీ అయిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో సగటు ఆటగాడు నిలిచేది మూడేళ్లకు కాస్త పైన మాత్రమేనని ఆటగాళ్ల సంఘమే చాలాకాలంగా చెబుతూ వస్తోంది. ఆ లీగ్‌లో 1967 నుంచి 1981 వరకు 15 సీజన్లు ఆడి, తరువాత మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టులో 22 ఏళ్లకు పైగా న్యాయమూర్తిగా పనిచేసిన ఆలన్ పేజ్ జీవితం ఈ ప్రశ్నకు దొరికే సమాధానాల్లో అత్యంత వివరమైనది. రెండో వృత్తికి పునాది ఆయన రిటైరయ్యాక పడలేదు, ఆట ఉచ్ఛస్థితిలో ఉన్న ఏళ్లలోనే పడింది. ఆ పునాది ఎలా పడిందన్నదే విద్యార్థులు గమనించవలసిన విషయం.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ప్రధానంగా చేతులతో పట్టుకుని పరుగెత్తుతారు, లేదా విసురుతారు. ఒక్కో పక్షాన 11 మంది ఉంటారు. బంతి చేతిలో ఉన్న పక్షం నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు సాగాలి, ఎదుటి పక్షం దాన్ని అడ్డుకోవాలి. ఈ అడ్డుకునే వరుస మధ్యలో నిలబడే ఆటగాడిని డిఫెన్సివ్ టాకిల్ అంటారు. ఎదురుగా ఉన్న భారీకాయులను ఛేదించుకుని, దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పట్టి పడగొట్టడం అతని పని. పేజ్ ఆ స్థానంలోనే ఆడారు.

ఆయన 1945 ఆగస్టు 7న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో పుట్టారు. ఆ రోజుల్లో అక్కడి నల్లజాతి యువకులకు కళ్లెదుట కనిపించే ఉపాధి ఉక్కు కర్మాగారాలే అయినా, చిన్ననాటి నుంచే ఆయన మనసు న్యాయవాద వృత్తిమీద ఉండేది. పాఠశాలల్లో జాతి వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పు ఇచ్చేనాటికి ఆయన వయసు ఎనిమిదేళ్లు. ఫుట్‌బాల్ ప్రతిభతో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన ఆయన, 1966లో జాతీయ విజేతగా నిలిచిన జట్టులో ఆడుతూనే రాజనీతిశాస్త్రంలో 1967లో పట్టా పొందారు. ఆట ద్వారా దొరికిన సీటును కేవలం ఆటకే ఖర్చు చేయకుండా, తరువాతి చదువుకు మెట్టుగా ఉపయోగపడే సబ్జెక్టును ఎంచుకోవడం ఆయన తీసుకున్న మొదటి మంచి నిర్ణయం. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే కళాశాల ఆటగాళ్లను వృత్తి జట్లు వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో, మిన్నెసోటా వైకింగ్స్ ఆయనను మొదటి రౌండులోనే తీసుకుంది.

వైకింగ్స్ తరఫున ఆయన నాలుగు సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ అంతిమ పోటీలు, ఆడారు. నాలుగింటిలోనూ జట్టు ఓడిపోయింది. అయితే 1971లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఇచ్చే అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం ఆయనకు దక్కింది. రక్షణ వరుసలో ఆడేవారికి ఆ గౌరవం రావడం అదే మొదటిసారి, ఆ తరువాత కూడా 1986లో లారెన్స్ టేలర్‌కు తప్ప మరెవరికీ రాలేదు.

కెరీర్ దృష్ట్యా అన్నిటికంటే విలువైన ఘట్టం మాత్రం ఒక వైఫల్యం. వృత్తి ఆటగాడైన తొలిరోజుల్లోనే పేజ్ సెయింట్ పాల్‌లోని విలియం మిచెల్ న్యాయ కళాశాలలో చేరి, పాఠం అంతుపట్టక కొద్ది వారాలకే మానేశారు. చాలామంది అక్కడితో ఆ ఆశకు స్వస్తి చెబుతారు. పేజ్ కొన్నేళ్లు ఆగి, 1975లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో మళ్లీ చేరి, ఒకపక్క వైకింగ్స్‌కు ఆడుతూనే 1978లో జ్యూరిస్ డాక్టర్ పట్టా అందుకున్నారు. ఇది అమెరికాలో డిగ్రీ తరువాత మూడేళ్లు చదివే వృత్తివిద్యా పట్టా. పేరులో డాక్టర్ అని ఉన్నా పరిశోధన పట్టా కాదు. ఇక్కడ ప్రతిభతో పాటు పరిస్థితి కూడా కలిసివచ్చిందని ఒప్పుకోవాలి. జట్టు ఆడే మైదానం, విశ్వవిద్యాలయం ఒకే మహానగర ప్రాంతంలో ఉండటం, సీజన్ కొన్ని నెలలకే పరిమితం కావడం వల్ల ఆ చదువు సాధ్యమైంది. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారు కోర్సు పేరు కన్నా ముందు చూసుకోవలసినవి ఈ రెండే: దూరం, ఏడాదిలో చేతికి మిగిలే కాలం.

జట్టు సమావేశాల్లో శిక్షకుడు వ్యూహాల పుస్తకాన్ని బయటికి చదవమన్నప్పుడు, విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి గడిపి వచ్చిన సహచరుల్లో కొందరు ఆ వాక్యాలను చదవలేకపోవడం పేజ్ కళ్లారా చూశారు. ఆటలో పనికొచ్చినంత కాలం బడి, కాలేజీ వాళ్లను పైతరగతులకు నెట్టేశాయి. చదువు అబ్బిందా లేదా అని అడిగినవారు లేరు. మన దగ్గర క్రీడా కోటాలో సీటు పొందిన పిల్లల విషయంలోనూ తల్లిదండ్రులు, అధ్యాపకులు ఈ ప్రమాదాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకున్న ఫలితం పట్టా పొందిన ఏడాదే కనిపించింది. దూరపు పరుగు అలవాటు చేసుకుని పేజ్ బరువు తగ్గారు. ఆ శరీరం తన స్థానానికి సరిపోదని భావించిన వైకింగ్స్ 1978 సీజన్ మధ్యలో ఆయనను వదులుకుంది. షికాగో బేర్స్ నామమాత్రపు 100 డాలర్ల రుసుముతో తీసుకోగా, అక్కడ ఆయన 1981 వరకు ఆడారు. 1979లో, ఇంకా లీగ్‌లో ఉండగానే మారథాన్ పూర్తిచేసిన తొలి ఆటగాడిగా నిలిచారు. అదే ఏడాది మినియాపొలిస్‌లోని ఒక న్యాయవాద సంస్థలో చేరి, ఆట లేని నెలల్లో అక్కడ పనిచేయడం మొదలుపెట్టారు. ఈ కారణంగా 1981 చివర ఆట ఆగినప్పుడు ఆయన కొత్తగా మొదలుపెట్టవలసిన వృత్తి అంటూ ఏదీ లేకపోయింది.

ఈ దారిని మన దేశంలో యథాతథంగా నడవడం కుదరదు. ఇక్కడ ఇంటర్ తరువాత ఐదేళ్ల, డిగ్రీ తరువాత మూడేళ్ల న్యాయ కోర్సులు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల కళాశాలలకు లాసెట్, హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖ సమీపంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఐదేళ్ల కోర్సులకు క్లాట్ ప్రవేశ పరీక్షలు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి విద్యా నిబంధనలు 70 శాతం హాజరు కోరుతాయి కనుక, శిక్షణ శిబిరాలకు తరచూ వెళ్లే క్రీడాకారులు చేరే ముందే కళాశాలతో ఈ విషయం తేల్చుకోవాలి. ప్రాక్టీసు చేయాలంటే అఖిల భారత బార్ పరీక్ష కూడా ఉత్తీర్ణులు కావాలి. అంతకంటే ముఖ్యంగా, ప్రాక్టీసు చేసే న్యాయవాది పూర్తికాలపు జీతం ఉద్యోగంలో ఉండకూడదని కౌన్సిల్ నియమం. అంటే క్రీడా కోటాలో రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం చేస్తున్నవారు సెలవుల్లో పేజ్ మాదిరిగా వకాలత్తు నడపలేరు. చదువు ముందుగా ముగించుకుని, వృత్తిలోకి ఎప్పుడు మారాలో లెక్క వేసుకోవడమే వారికి మిగిలే మార్గం.

మొదటి వృత్తిలో నేర్చినది రెండో వృత్తికి ఏ రూపంలో ఉపయోగపడుతుందో ముందుగా ఊహించడం కష్టం. పేజ్ విషయంలో అది దేహబలం కాదు, ఆటగాళ్ల సంఘంలో వైకింగ్స్ ప్రతినిధిగా చేసిన పని. ఒప్పందాలు, యజమాని హక్కులు, సమ్మెలు అప్పటికే ఆయనకు పరిచితం కావడంతో, ఉద్యోగ, కార్మిక వివాదాల న్యాయం సహజమైన రంగమైంది. 1985లో ఆయన ప్రభుత్వం తరఫున కేసులు నడిపే రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో చేరారు.

మిన్నెసోటాలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి ఆరేళ్ల కాలానికి ఓటర్లు ఎన్నుకునేది, మన హైకోర్టుల్లో లాగా కేవలం నియామకంతో వచ్చేది కాదు. 1992లో పేజ్ పోటీకి సిద్ధమైనప్పుడు, గవర్నర్ అప్పటి న్యాయమూర్తి పదవీకాలాన్ని పొడిగించడంతో ఆ స్థానానికి ఎన్నికే లేకుండా పోయింది. ఆయన ఆ ఉత్తర్వును కోర్టులో సవాలు చేశారు. తమ సహచరుడి స్థానం గురించిన వివాదం కనుక దాన్ని వినేందుకు ప్రత్యేకంగా నియమితులైన న్యాయమూర్తులు ఎన్నిక జరపాల్సిందేనని తీర్పు ఇచ్చారు; పేజ్ గెలిచి, ఆ కోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. పేరున్న ఆటగాడికి ఓట్లు సులువుగా పడ్డాయన్న మాటలో కొంత నిజముండవచ్చు గానీ, బ్యాలెట్‌మీదికి తన పేరును తెచ్చుకున్నది న్యాయశాస్త్రం తెలిసిన వకీలే. 1998, 2004, 2010లలో తిరిగి గెలిచిన ఆయన, రాష్ట్ర చట్టం విధించిన 70 ఏళ్ల వయోపరిమితి రాగా 2015లో పదవీ విరమణ చేశారు.

దెబ్బలు తగిలే ఆటలో దేహం చెల్లించే మూల్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పదేపదే స్థానం తప్పిన పేజ్ చిటికెనవేలు నేటికీ అరచేతికి పక్కగా, దాదాపు లంబకోణంలో బయటికి పొడుచుకుని ఉంటుంది. కూతురితో కలిసి ఆయన పిల్లల కోసం రాసిన 2013 నాటి పుస్తకం ఆ వేలు గురించినదే. వేలి సంగతి చిన్నది, తలకు తగిలే దెబ్బలు చిన్నవి కావు. ఆ ముప్పున్న ఇదే లీగ్‌లో బాల్టిమోర్ రేవెన్స్‌కు ఆడుతూ ఎంఐటీలో గణితంలో పరిశోధన చేస్తున్న జాన్ అర్షెల్ 2017లో 26 ఏళ్లకే ఆట మానుకుని, డాక్టరేట్ పూర్తిచేసి, అక్కడే అధ్యాపకుడయ్యారు.

1988లో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు లభించినప్పుడు, తనను పరిచయం చేయడానికి పేజ్ పాత శిక్షకుడిని కాకుండా మినియాపొలిస్‌లోని ఒక ఉన్నత పాఠశాల ప్రిన్సిపల్‌ను ఎంచుకుని, ప్రసంగమంతా చదువు గురించే మాట్లాడారు. కాంటన్‌లోని ఆ హాల్ ఆఫ్ ఫేమ్ భవనం కడుతున్నప్పుడు కుర్రవాడిగా ఉన్న ఆయన అక్కడ కూలిపని చేసి ఉన్నారు. అదే ఏడాది భార్య డయాన్‌తో కలిసి స్థాపించిన పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్, మిన్నెసోటాలోని నల్లజాతి తదితర మైనారిటీ విద్యార్థుల పైచదువులకు ధనసహాయం చేస్తోంది. ఆ సహాయం అందుకునే ప్రతి విద్యార్థీ ఏటా కనీసం 50 గంటలు తనకంటే చిన్న పిల్లల పక్కన కూర్చుని చదివించాలన్నది దానికి షరతు.