గ3ఎ2 – పొట్టి రాతను విప్పే లెక్క



మన పాటల నోటుబుక్కులో లైను పక్కన (2) అని ఉంటే ఏం చేస్తాము? ఆ లైను రెండుసార్లు పాడతాము. "రెండు" అని ఎవరూ పాడరు కదా. రాసేటప్పుడు పొట్టిగా రాసుకొని, వాడేటప్పుడు పొడుగ్గా విప్పుకుంటాము. ఈ పాఠం దాని గురించే.

మా సుగాలి తండాలో ఆడవాళ్ళు ఫేటియా, కాంచళి మీద గవ్వలు, పూసలు, అద్దాలు కుడతారు. ఒక వరుసలో మూడు గవ్వలు, రెండు ఎర్ర పూసలు ఉన్నాయనుకోండి. గ అంటే గవ్వ, ఎ అంటే ఎర్ర పూస. గ3ఎ2 అని రాస్తే చాలు. విప్పితే గగగఎఎ.

విప్పడం ఎందుకు? మా యాడికి చదువు రాదు. సరుకు తెచ్చే మనిషి చీటీలో "గ3ఎ2, 12 వరుసలు" అని రాస్తే ఆయన చెప్పిందే లెక్క అవుతాది. అదే వరుసను విప్పి నేల మీద పేర్చితే యాడి వేలు పెట్టి తానే ఎంచుకుంటాది. 12 వరుసలకు గవ్వలు 36, ఎర్ర పూసలు 24. ఒక్కటి తగ్గినా అడగవచ్చు.

ఈ పని కంప్యూటరు కూడా చేస్తుంది. జావాస్క్రిప్ట్ అనే భాషను 1995లో బ్రెండన్ ఐక్ అనే ఆయన నెట్‌స్కేప్ కంపెనీలో తయారు చేసినారు. దానికి మనం ఇట్ల చెప్పాల:

1. ఎడమ నుంచి ఒక్కొక్క గుర్తు చదువు.
2. అక్షరం వస్తే గుర్తు పెట్టుకో.
3. అంకె వస్తే ఆగవద్దు, దాని పక్క అంకె కూడా చూడు. గ12 అంటే పన్నెండు గవ్వలు. 1, 2 వేరు వేరు కాదు.
4. ఆ అక్షరాన్ని అన్నిసార్లు రాయి. దీనికి "రిపీట్" అనే ఆజ్ఞ ఉంది. అది 2015 ప్రమాణంలో చేరింది. అంతకు ముందు లూప్ తిప్పి రాసేవారు.
5. చీటీ అయిపోయేదాకా ఇదే చెయ్యి.

ఇక్కడ మన తెలుగుకు ఒక చిక్కు ఉంది. తెల్ల పూసకు "తె" అని పెట్టి తె3 రాస్తే ఏమవుతాది? మన కంటికి తె ఒకటే అక్షరం. కంప్యూటరులో మాత్రం త ఒక గుర్తు, ఎత్వం ఇంకొక గుర్తు. అంకెకు ముందున్నది ఎత్వం కాబట్టి అది ఎత్వాన్నే మూడుసార్లు రాస్తుంది. పూసలు మూడు రావు! కనుక తెల్ల పూసకు గుణింతం లేని "త" పెట్టుకోవాల. లేదంటే "అంకె వచ్చేదాకా ఉన్నదంతా ఒకటే పేరు" అని నియమం చెప్పాల. అప్పుడు ఒక్క పూస ఉన్నా 1 తప్పక రాయాల. ఇంకొకటి, మామూలుగా అంకెలను వెదికే పద్ధతికి 3 తెలుస్తుంది కానీ ౩ తెలియదు.

దీని నీతి ఏమనగా, పొట్టి రాత మంచిదే, కాగితం మిగులుతుంది. కానీ రాసినవారికీ చదివేవారికీ నియమం ఒకటే ఉండాల. నియమం ఒకరికే తెలిస్తే రెండోవారు మోసపోతారు. అందుకే ఎవరు చీటీ ఇచ్చినా విప్పి ఎంచండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాయనలకూ నేర్పండి.

మీరూ చేయండి:
అ) గ2ఎ4త1 – విప్పి రాయండి.
ఆ) ఎఎఎగగతతతత – పొట్టిగా రాయండి.
ఇ) "అ" లోని వరుస 10 సార్లు కుట్టాలంటే ఎర్ర పూసలు ఎన్ని?

జవాబులు: అ) గగఎఎఎఎత ఆ) ఎ3గ2త4 ఇ) 40

– 9వ తరగతి విద్యార్థిని