వాద్యబృందంలో తొలి పాఠం

అమెరికా పాఠశాలల్లో విద్యార్థులు సాధారణంగా ఐదవ లేక ఆరవ తరగతిలో కాన్సర్ట్ బ్యాండులో చేరుతారు. ఫ్లూటు, క్లారినెట్, ట్రంపెట్, ట్రాంబోన్ మొదలైన ఊదే వాద్యాలూ, డ్రమ్ములూ కలిసిన బృందమది. వాద్యం పట్టుకొనే తీరు, ఊపిరి నిలిపే పద్ధతి, ఐదారు స్వరాలు, ఇవే తొలి నెలల సాధన. ఆ దశలో ప్రతి విద్యార్థి చూపూ తన ముందున్న కాగితం మీదే ఉంటుంది. ఒక్క స్వరం తప్పితే తానెక్కడ ఉన్నాడో తెలియక వాద్యం దించివేస్తాడు. పాట నిర్మాణం తెలిసినవాడైతే తరువాతి పాదం మొదలయ్యే చోట తిరిగి బృందంతో కలుస్తాడు. నిర్మాణ పాఠాన్ని పై తరగతులకు వాయిదా వేయరాదనడానికి ఈ కారణమొక్కటే చాలు.

ఇందుకు బీథోవెన్ తొమ్మిదవ సింఫనీలోని ఆనందగీతం చక్కని ఉదాహరణ. 1824లో వియన్నా నగరంలో తొలిసారి వినిపించిన ఆ మహారచనలోని ప్రధానమైన వరుస, నేడు బ్యాండు తొలి పుస్తకాలలో తరచుగా కనిపిస్తుంది. నాలుగేసి దెబ్బల ఆవర్తాలు 16, పాదాలు నాలుగు. మొదటి రెండు పాదాలలోనూ 15 స్వరాల చొప్పున ఉంటాయి. వాటిలో తొలి 12 స్వరాలు ఒక్కటే, చివరి మూడే వేరు. మన పరిభాషలో మొదటి పాదం రిషభం మీద ఆగితే, రెండవది షడ్జానికి చేరుతుంది. మూడవ పాదం కొత్త దారి తొక్కుతుంది. నాల్గవది రెండవ పాదమే. అయితే బీథోవెన్ దానిని ఒక దెబ్బ ముందుగానే ఎత్తుకొన్నాడు. పిల్లల సౌకర్యం కోసం తొలి పుస్తకాలు తరచు ఆ చమత్కారాన్ని విడిచిపెట్టడం కొంత నష్టమే.

మంచి ఉపాధ్యాయుడు ఈ వివరాలను ముందుగా చెప్పడు. మొదటి పాదం వాయించి ఆపి, "పాట ముగిసిందా?" అని అడుగుతాడు. స్వరాల పేర్లు రానివారు సైతం లేదనే అంటారు. రెండవ పాదం విన్న తరువాత ముగిసినట్లుందంటారు. పాదాలకు పేర్లు పెట్టవలసినది అప్పుడే. ఆపై మొదటి పాదం ట్రంపెట్లకు, రెండవది క్లారినెట్లకు, మూడవది ఫ్లూట్లకు పంచి, నాల్గవది అందరిచేత వాయింపజేస్తాడు. ఇతరులను వినని విద్యార్థి తన ప్రవేశాన్ని తప్పుతాడు గనుక వినక తప్పదు.

బ్యాండు వరుసలు మన సంగీతానికి కొత్తవి కావు. 1835లో కీర్తిశేషులైన ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. వాటినే నోట్టుస్వరాలంటారు. వాటిలో ‘శ్యామలే మీనాక్షి’ నడిచేది మన పిల్లలందరికీ తెలిసిన ‘ట్వింకిల్ ట్వింకిల్’ వరుసలోనే. ఆ బాలగీతాన్ని ఒకసారి మెల్లగా పాడుకొంటే, మధ్యభాగం దాటిన వెంటనే మొదటి వరుస తిరిగి వచ్చే చోటు ఎవరికైనా చెవికి తగులుతుంది.