ట్రిస్టన్ దీవి: గ్రామపరిపాలనమున ఒక పాఠము

పౌరధర్మముల పాఠ్యపుస్తకములలో గ్రామపరిపాలనమును గూర్చిన అధ్యాయము విద్యార్థులకు అంతగా రుచింపదు. యుద్ధములను గూర్చి చెప్పునప్పుడు మేల్కొనియుండు బాలుడు పంచాయతి అను మాట వినినంతనే ఆవులించును. ఇది వాని దోషము కాదు. సభ్యులెందరు, అధ్యక్షుని అధికారములెవ్వి, పన్నులెన్ని యను పట్టికలే ఆ పుస్తకములలో నిండియుండును. ఒక ఊరివారు కలిసి యోచించుట మానినచో ఆ ఊరేమగునో అవి చూపవు. మన ఊళ్లలోనైనను అది స్పష్టముగ కనబడదు. ఏలయన మన ఊరు చెడినను ప్రక్క ఊరు కలదు. పట్టణమునకు పోవుటకు బాట కలదు. ప్రక్క ఊరే లేని ఊరొకటి భూమిమీద కలదు. దాని చరిత్రను ఈ వ్యాసమున సంగ్రహముగ తెలిపెదము.

దీవి యొక్క ఉనికి

అట్లాంటిక్ మహాసముద్రపు దక్షిణభాగమున ట్రిస్టన్ ద కున్యా యను దీవి కలదు. 1506 వ సంవత్సరమున దానిని మొదట చూచిన పోర్చుగీసు నావికుని పేరే దానికి నిలిచినది. పటములో ఆఫ్రికాఖండపు దక్షిణపు కొననుండి పడమటికి వ్రేలు జరుపుకొనుచు పోయినచో, సుమారు 1,700 మైళ్ల నీటిని దాటిన పిమ్మట ఒక చిన్న చుక్క కనబడును. అదియే ఈ దీవి. దానికి దగ్గరగ మనుష్యులు కాపురముండు తావు సెయింట్ హెలీనా దీవి; అదియును 1,500 మైళ్ల దూరమున నున్నది.

దీవి వైశాల్యము సుమారు 38 చదరపు మైళ్లు. అందు అధికభాగము 6,760 అడుగుల యెత్తుగల అగ్నిపర్వతమే. వాయవ్యదిక్కున కొండకును కడలికిని నడుమ ఇరుకైన మైదానము కలదు; ఊరు ఆ మైదానముమీదనే యున్నది. 1867 వ సంవత్సరమున విక్టోరియా రాణిగారి కుమారుడు ఎడిన్‌బరో ప్రభువు ఈ దీవిని చూడవచ్చెను గనుక, ఊరికి ‘సప్తసముద్రముల ఎడిన్‌బరో’ అను అర్థమిచ్చు ఇంగ్లీషు పేరు వచ్చినది. విమానము దిగుటకు అచట తావు లేదు. కేప్ టౌను రేవునుండి ఓడలో సుమారు వారము దినముల ప్రయాణము. అట్టి ఓడలు ఏడాదికి కొలదిగ మాత్రమే పోవును. నేటికిని అచటి జనసంఖ్య 250 లోపే. మన గ్రామములలో ఒక వీధి జనము అంత యుండును.

ముగ్గురు వ్రాసికొనిన ఒడంబడిక

1816 వ సంవత్సరమున బ్రిటిషువారు ఈ దీవిని స్వాధీనపరచుకొని కొంత సైన్యమును దించిరి. నెపోలియను అప్పుడు సెయింట్ హెలీనాలో బందీగ నుండెను. మరుసటి సంవత్సరమే సైన్యమును వెనుకకు రమ్మని ఉత్తరువు వచ్చెను. అందరును పోవుచుండగ, స్కాట్లండు దేశస్థుడైన విలియమ్ గ్లాస్ అను కార్పొరల్ తన భార్యతోను బిడ్డలతోను అచటనే యుండుటకు అనుమతి వేడెను. శామ్యూల్ బర్నెల్, జాన్ నాన్‌కివెల్ అను ఇద్దరు రాతిపనివారు వానితో నిలిచిరి.

వీరు ఇండ్లు కట్టుటకును దుక్కి దున్నుటకును మునుపే ఒక పత్రము వ్రాసికొనిరి. దాని తేది 1817 నవంబరు 7. పశువులును సామగ్రియు అందరికిని సమానముగ చెందవలెను. లాభము వచ్చినచో సమానముగ పంచుకొనవలెను. ఖర్చు వచ్చినచో సమానముగ భరింపవలెను. ఆరోగ్యముగ నున్న ప్రతివాడును సమానముగ పాటుపడవలెను. సామరస్యము చెడకుండుటకై ఎవ్వడును తాను అధికుడనని చెప్పుకొనరాదు. ఆ పత్రపు సారము ఇదియే.

తరువాత ఓడలు పగిలి వచ్చినవారు, ఓడలు విడిచి దిగినవారు కొందరు వీరితో చేరిరి. 1827 వ సంవత్సరమున సెయింట్ హెలీనానుండి అయిదుగురు స్త్రీలు వచ్చి అచటి పురుషులను పెండ్లాడిరి. 1836 లో వచ్చిన పీటర్ గ్రీన్ అను హాలండు దేశస్థుడును, 1892 లో ‘ఇటాలియా’ ఓడ పగిలి ఒడ్డు చేరిన ఇటలీ నావికులిద్దరును అచటనే నిలిచిపోయిరి. గ్లాస్, స్వేన్, గ్రీన్, హేగన్, రోజర్స్, రెపెట్టో, లావరెల్లో అను ఏడు ఇంటిపేర్లు చిరకాలము ఆ ఊరి ఇంటిపేర్లన్నియు.

మొదటి పత్రములోని ప్రతి షరతును అట్లే నిలువలేదు. కాలక్రమమున ఎవరి యిల్లు వారిది, ఎవరి పశువు వారిది యయ్యెను. కాని రెండు సూత్రములు మాత్రము నేటివరకు చెడలేదు. భూమి ఊరందరిది, పరులకు దానిని అమ్మరాదు. ఏ కుటుంబమును మఱియొక కుటుంబముపై దొరతనము చేయరాదు.

మిషనరీల సలహా, దీవివారి నిర్ణయము

మన తెలుగుదేశమున నంద్యాల, ముత్యాలపాడు మొదలగు తావులలో పాఠశాలలు స్థాపించిన యస్. పి. జి. సంఘమువారే ఈ దీవికిని మిషనరీలను పంపిరి. 1851 వ సంవత్సరమున విలియమ్ టైలర్ గారు వచ్చి బడి పెట్టి, ఆరాధనలు జరిపిరి. ఇంత చిన్న తావున జనము పెరిగినచో బ్రదుకుట కష్టమని వారికి తోచెను. 1857 లో వారు వెడలిపోవునప్పుడు దీవివారిలో సుమారు 45 మంది వారితోకూడ కేప్ ప్రాంతమునకు పోయిరి. 1881 లో ఎడ్విన్ డాడ్జ్‌సన్ గారు వచ్చిరి. లూయీ కారల్ అను పేరుతో బాలల కథలు వ్రాసిన గ్రంథకర్తకు వీరు తమ్ముడు. వీరును దీవిని విడుచుటయే మేలని యభిప్రాయపడిరి.

అంతలో గొప్ప విపత్తు కలిగెను. 1885 నవంబరు 28 వ తేదిన, దూరమున పోవుచున్న ఓడను కలిసికొని ఆహారపదార్థములు తెచ్చుటకై 15 మంది పురుషులు ఒకే పడవలో పోయి తిరిగి రాలేదు. నూరుమంది మాత్రమే యున్న ఊరిలో ఇంచుమించు పాటుపడు మగవారందరును ఒక్క దినమున పోయిరనవచ్చును. డాడ్జ్‌సన్ గారు సహాయసామగ్రితో మరల వచ్చి కొన్ని సంవత్సరములు వారితో నుండిరి. కొన్ని కుటుంబములు వలసపోయెను, మిగిలినవారు కదలలేదు.

మేలుకోరి చెప్పినవారి సలహా తప్పని మేము చెప్పజాలము. వారు ఆకలిని కన్నులార చూచినవారు. అయినను ఒక సంగతిని విద్యార్థులు గుర్తింపవలెను. పొమ్మని యెవ్వరును వారిని బలవంతము చేయలేదు, ఉండుమనియు చేయలేదు. పోయినవారు తమ యిష్టముచేత పోయిరి; ఉన్నవారు ఉండుటవలని కష్టమును ఎరిగియే యుండిరి.

సమత్వమునకు లెక్క

దీవిలో మేతభూమి కొంచెము. ధనవంతుడొకడు పశువులను విరివిగ పెంచినచో బీదవాని ఆవునకు గడ్డి యుండదు. కొంతకాలమునకు ధనవంతుని ఆవునకును ఉండదు. కావున ఒక్కొక్క కుటుంబము ఎన్ని పశువులను పెంచవచ్చునో ఊరివారు హద్దు నిర్ణయించి, దానిని పాటించుచున్నారు. ఊరికి సుమారు మూడు మైళ్ల దూరమున రాతిగోడలు కట్టిన బంగాళాదుంపల మడులు కలవు. ప్రతి కుటుంబమునకును అచట పాలు కలదు. ఎంత ఉద్యోగమున్న వారైనను అచటికి పోయి దుంపలు పాతుదురు.

సముద్రము విషయమునను ఇట్లే. రాక్ లాబ్‌స్టర్ అను పెద్ద రొయ్య అచట దొరకును. 1949 వ సంవత్సర ప్రాంతమునుండి దానిని పట్టి, శుభ్రపరచి, విదేశములకు పంపుట దీవివారికి ముఖ్యజీవనమైనది. ఎన్ని టన్నులు పట్టవచ్చునో, ఎంత పొడవునకు తక్కువైన రొయ్యను మరల నీటిలో విడువవలెనో నియమము కలదు. పడవలు పోదగిన దినములు ఏడాదికి కొలదియే. సముద్రము నెమ్మదించిన ప్రాతఃకాలమున ఊరిలో గంట మ్రోగును. అప్పుడు అందరును బయలుదేరుదురు.

దీనినిబట్టి సమత్వమనునది ఉపన్యాసములకు అలంకారమైన మాట కాదనియు, కొలదియైన గడ్డిని, కొలదియైన చేపను, కొలదియైన మంచి దినములను లెక్కించి పంచుకొను పద్ధతి యనియు తెలియుచున్నది.

ఈ నియమములను చూచుటకు ఒక కౌన్సిలు కలదు. 1950 లో మొదటి అడ్మినిస్ట్రేటరు వచ్చిన పిమ్మట ఈ పద్ధతి క్రమముగ ఏర్పడెను. మూడేండ్లకొకసారి యెన్నిక జరుగును. ఎన్నుకొనబడువారు ఎనమండుగురు, నియమింపబడువారు ముగ్గురు. ఎన్నుకొనబడిన వారిలో ఒక్కరైనను స్త్రీ యుండవలెనని నిబంధన కలదు. దీవికి రాగోరు ప్రయాణికునికి సయితము ఈ కౌన్సిలువారి అనుమతి కావలెను.

148 ఓట్లు, 5 ఓట్లు

1961 వ సంవత్సరమున దీవిలో భూకంపములు ప్రారంభమాయెను. అక్టోబరు నెలలో ఊరి ప్రక్కనే నేల చీలి, పైకి ఉబ్బి, లావా వెడలెను. మొదట ప్రక్కనున్న నైటింగేల్ అను చిన్న దీవికి పోయి, అచటనుండి డచ్చివారి ఓడ యెక్కి కేప్ టౌనునకును, పిమ్మట ఇంగ్లండునకును ఊరివారందరు చేరిరి. వారు 264 మంది. సౌతాంప్టను రేవు సమీపమున కాల్షాట్ అను తావున, వైమానికదళమువారు విడిచిన యిండ్లలో వారికి బస యేర్పడెను.

ఇంగ్లండులో వారికి జీతములు దొరకెను. పిల్లలకు పెద్ద బడులు, రోగులకు ఆస్పత్రులు, దుకాణములు, సినిమాలు ఉండెను. కాని అలవాటులేని జలుబులు, దగ్గులు వారిని బాధించెను. తాము ఇంతవరకు వినని దొంగతనముల భయమును కలిగెను. వారు తిరిగిపోవ గోరరని పలువురు తలంచిరి. 1962 వ సంవత్సరారంభమున శాస్త్రజ్ఞులు దీవికి పోయి పరీక్షించి, రొయ్యల కర్మాగారమును పడవలు దిగు ఒడ్డును లావా మ్రింగినదనియు, ఇండ్లు మాత్రము ఇంచుమించు చెక్కుచెదరలేదనియు తెలిపిరి. ఆ డిసెంబరులో వయస్సు వచ్చినవారందరు రహస్యముగ ఓట్లు వేసిరి. పోవుదుమనినవారు 148 మంది. వలదనినవారు 5 మంది.

ఓటుతో పని తీరలేదు. 1963 లో మొదట పనివారి జట్టు పోయి ఇండ్లను బాగుచేసి, మడులలో దుంపలు పాతెను. తక్కినవారు సంవత్సరాంతమున చేరిరి. పోయిన ఒడ్డునకు మారుగ ఒక చిన్న రేవు కట్టబడెను. ఆదరించిన ఊరి పేరు దానికి పెట్టి కాల్షాట్ రేవు అనిరి. కొన్ని సంవత్సరములకు కొందరు మరల ఇంగ్లండునకు పోయిరి. వారిని ద్రోహులని యెవ్వరును అనలేదు. ఓటు వేసినవారే పార పట్టిరి. మనసు మారినవారికి దారి మూయబడలేదు. నిర్ణయమునకు విలువ కలుగుటకు ఈ రెండును కావలెనని మా యభిప్రాయము.

ఇటీవలి సంగతులు

విపత్తులు అంతటితో ముగియలేదు. 2001 లో తుపానుగాలికి పైకప్పులు లేచిపోయెను. 2008 లో కర్మాగారమును విద్యుద్యంత్రములును కాలిపోయెను. 2011 మార్చి 16 వ తేదిన ‘ఓలివా’ యను సరకుల ఓడ నైటింగేల్ దీవి రాళ్లకు కొట్టుకొని పగిలి, నూనె సముద్రముపై వ్యాపించెను. ఊరివారు తమ పనులు మాని, నూనెలో మునిగిన పెంగ్విను పక్షులను 3,000 కు పైగ తెచ్చి కడిగిరి. ఊరి యీతకొలనును సయితము వానికి విడిచిరి. బ్రదికినవి కొలదియే. ఆ చుట్టుపట్ల రొయ్యలు పట్టుటను కౌన్సిలువారు నిలిపివేసిరి. నిలిపిన దినములకు నష్టము తమకే యని యెరిగియే అట్లు చేసిరి.

2020 నవంబరులో, తమ చుట్టునున్న సముద్రములో సుమారు 2,65,000 చదరపు మైళ్లను రక్షిత ప్రదేశముగ వారు ప్రకటించిరి. అందు నూటికి తొంబది పాళ్లకు పైగ భాగములో చేపలు పట్టరాదు. ఇది బ్రిటను దేశమునకు సుమారు మూడు రెట్లు. 250 మంది లేని ఊరు ఇంత సముద్రమునకు కాపు కాయుటకు పూనుకొనెను.

ఈ ఊరు స్వర్గమని మేము చెప్పుట లేదు. చదువుకొనగోరు యువకులు దూరదేశములకు పోవలసియున్నది, జనసంఖ్య తగ్గుచున్నది, కఠినమైన జబ్బు వచ్చినచో ఓడకొఱకు కాచుకొనవలెను. రాబోవు నూరేండ్లలో ఆ ఊరుండునో లేదో వారే నిర్ణయించుకొనవలెను. రెండు వందల యేండ్లుగ వారు చేయుచున్న పని అదియే.

విద్యార్థులు విచారింపదగిన ప్రశ్నలు

ఈ పాఠమును చదివినవారు సెలవులలో తమ గ్రామమునకు పోయినప్పుడు క్రింది ప్రశ్నలను పెద్దలనడిగి, జవాబులను నోటుపుస్తకమున వ్రాసికొని రావలెను.

1. మీ ఊరిలో అందరికిని చెందిన భూమి, చెరువు, ఒడ్డు ఏవి? వాని హద్దులు ఎవరికి తెలియును?

2. వానిని వాడుకొనుటకు ఏదైన నియమము కలదా? ఆ నియమము బలవంతునికిని బలహీనునికిని ఒకటియేనా?

3. గత సంవత్సరము గ్రామసభ యెన్నిసార్లు కూడెను? అందు మాటాడిన స్త్రీలెందరు?

4. వరదయో తుపానో వచ్చినప్పుడు ముందుగ ఎవరిని, ఏ దారిని, ఏ యింటికి చేర్పవలెనో నిర్ణయింపబడియున్నదా? ఆ నిర్ణయము ఊరిలోని పిల్లలకు తెలియునా?

నాలుగవ ప్రశ్నకు జవాబు దొరకనివారు ఊరకుండక, పంచాయతివారిని అడుగవలెను.